బాపమ్మ అన్నం తిన్న తలె

బాపు, అంటే మా నాన్న, పోయి, పెద్దకర్మ కూడా అయిపోయి, వచ్చిన చుట్టాలు ఎవరి దారిన వాళ్లు వెళ్లాక, భివండీ శివారు టెంఘర్‌లో ఆయన గది సర్దే పని నా మీద పడింది. తమ్ముడికి అంత ఓపిక లేదు. మరదలికేమో ఆ పాత ఇనుప పెట్టె ఎప్పుడు బయటికి పోతుందా అని తొందర. పెట్టెలో ఏముంటాయో నాకు తెలుసనే అనుకున్నాను. పండగలకు కట్టుకునే అంచు ధోవతి, గుడి ఊరేగింపులో చుట్టుకునే తలపాగా, ఒక కాడ విరిగిన కళ్లద్దాలు, నాఫ్తలీన్ గోళీల వాసన. అన్నీ ఉన్నాయి. వాటన్నిటి కింద, కోరా బట్టలో చుట్టిన ఒక స్టీలు తలె కూడా ఉంది. మా ఇళ్లలో కంచాన్ని తలె అంటాం. దాన్ని విప్పి, తిప్పి, అంచు కింద మేకుతో కొట్టిన చుక్కలు చూసి, ఆ చుక్కలన్నీ కలిసి సిలువ ఆకారంలో ఉన్నాయని గుర్తుపట్టి, అక్కడే నేల మీద కూర్చున్నాను. అది మా బాపమ్మ అన్నం తిన్న తలె. ఆమె చనిపోయిన రోజు నుంచి మా ఇంట్లో కనిపించలేదు. బాపే ఎక్కడో పారేసి ఉంటాడని అందరం అనుకున్నాం. నిజం చెప్పాలంటే, పారేశాడు, పీడ పోయిందని లోపల్లోపల సంతోషించాం కూడా.

ఆ తలె సంగతి చెప్పాలంటే బాపమ్మ సంగతి చెప్పాలి. బాపు వాళ్లమ్మ. కరీంనగర్ దిక్కు నుంచి మొగుడి వెనక ముంబై పక్క భివండీకి వచ్చి, పద్మనగర్‌లో ఒక చాల్‌లో, కింద కరెంటు మగ్గాల షెడ్డు, పైన మా ఒంటిగది ఖోలి ఉన్న ఇంట్లో జీవితమంతా గడిపింది. పొద్దున లేవగానే కింది నుంచి నూనె వాసన, దారానికి పట్టించిన గంజి వాసన, దానితో పాటు మా అమ్మ పెట్టే చాయ్ వాసన కలిసి వచ్చేవి. బాపమ్మ మాత్రం స్నానం కాకుండా చాయ్ ముట్టేది కాదు. ఆమె చెంబు ఆమెదే, ఆమె ఇత్తడి తలె ఆమెదే, వాటిని తోమే కొబ్బరి పీచు కూడా ఆమెదే. మేము పొరపాటున ముట్టుకుంటే బూడిదతో మళ్లీ తోమేది, తోముతూ మమ్మల్ని తిట్టేది. బయటివాళ్లు ఎవరైనా వచ్చి నీళ్లు తాగితే ఆ గ్లాసు గుమ్మం పక్కన బోర్లా పడి ఉండేది. ఎవరి చేతి వంట ఎవరు తినొచ్చు, ఎవరు తినకూడదు అన్న విషయంలో ఆమెను మించిన కోర్టు పద్మనగర్‌లో లేదు.

మగ్గాల మధ్య పెరిగినవాళ్లకు రెండు అలవాట్లు పట్టుకుంటాయి. ఒకటి, గొంతు పెద్దదవుతుంది. మా ఇంట్లో ఉప్పు అడిగినా వీధి చివర వినపడేది. బాపుకు గుసగుస అనేదే రాదు. రహస్యం చెప్పబోయి చాల్ మొత్తానికీ చాటేవాడు, అమ్మ నెత్తి కొట్టుకునేది. రెండోది, పెదవులు చదవడం వస్తుంది. షెడ్డులో అంత మోతలో ఎవరూ అరిచి మాట్లాడుకోరు. ఈ చివర నుంచి ఆ చివరికి పెదవులు కదిపితే చాలు. బాపమ్మ కండెలు చుట్టే చోట కూర్చునే ఇద్దరు ఆడవాళ్ల పంచాయితీ మొత్తం చూసి, మధ్యాహ్నం అన్నాల దగ్గర మాకు చెప్పేది. నాకూ ఆ విద్య చిన్నప్పుడే అబ్బింది. బడిలో టీచర్లు వరండా అవతల మాట్లాడుకునేవి చదివి స్నేహితుల దగ్గర గొప్పలు పోయేదాన్ని.

బాపు కూలికి మగ్గాలు నడిపేవాడు. సొంత మగ్గం లేదు, సొంత ఇల్లు లేదు. ఉన్నదల్లా ఒక్క గౌరవం. శ్రావణంలో వచ్చే నూలు పున్నమి నాడు మా నేతవాళ్ల గుడి ఊరేగింపులో ముందు నడిచేవాడి చేతిలో జెండా ఉంటుంది చూడండి, ఆ జెండా మా బాపుదే. ఏడాదంతా నూనె మరకల బనీనులో తిరిగే మనిషి ఆ ఒక్కరోజు తలపాగా చుట్టుకుని, కొత్త జంధ్యం వేసుకుని నడుస్తుంటే, నేను గుంపులో పక్కవాళ్లని మోచేత్తో పొడిచి, "మా బాపు" అని చూపించేదాన్ని. ఆ గర్వం ఎలాంటిదో ఇప్పటికీ నాకు గుర్తుంది. అందుకే తరువాతి సంగతి చెప్పడానికి నోరు రాదు.

ఒక వానాకాలం, వారం రోజులుగా ముసురు పట్టి ఉన్నప్పుడు, మా చాల్ వెనక గోడ జారిపోయింది. అదృష్టం, పగటిపూట కాబట్టి ఎవరికీ దెబ్బ తగల్లేదు. మున్సిపాలిటీ వాళ్లు వచ్చి, ఇంకొక్క రోజు కూడా ఉండొద్దని అందరినీ దింపేసి తాళం వేశారు. చేతికి అందినవి పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాం. బాపమ్మ ఇత్తడి తలె లోపలే ఉండిపోయింది. చాల్‌లో మిగతావాళ్లు ఎవరి చుట్టాల ఇళ్లకు వాళ్లు పోయారు. మా మేనమామ కాల్హేర్‌లో గోదాముల దగ్గర లోడింగ్ పని చేసేవాడు, ఒక్క ఖోలిలో రెండు కుటుంబాలు. అక్కడికి ఎలా పోతాం? బాపు మా గుడి పెద్దల దగ్గరికి పోయి అడిగాడు. ఫంక్షన్ హాలు పెళ్లిళ్లకు ఇచ్చేశామని, వాన తగ్గనియ్యమని, చూద్దామని చెప్పారు. ఒక షట్టరు కింద, తోపుడుబండి మీద సామాను పెట్టుకుని, దాని మీద ప్లాస్టిక్ కప్పుకుని, మేము వాన చూస్తూ కూర్చున్నాం.

అప్పుడు వచ్చింది సారమ్మ. మురికినీళ్ల నాలా అవతల రేకుల చర్చి పాస్టరు దానయ్య భార్య. ఆమెను అంతకుముందు దూరం నుంచి చూశాం. సాయంత్రం పూట రోడ్డు మీద పడుకునేవాళ్లకు కిచిడీ పెడుతుందని విన్నాం, విని నవ్వుకున్నాం కూడా. గొడుగు మా మీద పట్టి, తను తడుస్తూ, "అవ్వా, పోరగాండ్లు తడుస్తున్నరు. మా హాల్ ఖాలీగనే ఉన్నది. వాన తగ్గేదాంక ఉండున్రి" అంది. తమ్ముడికి అప్పటికే జ్వరం. అమ్మ బాపు ముఖం చూడలేదు, ఎవరినీ అడగలేదు. తమ్ముణ్ణి భుజాన వేసుకుని సారమ్మ వెనక నడిచింది. పెళ్లయ్యాక మా అమ్మ బాపును అడగకుండా చేసిన పని నాకు తెలిసి అదొక్కటే.

ఆ చర్చి అంతకుముందు మగ్గాల షెడ్డే. నేలలో మగ్గాలు బిగించిన గుంతలు అలాగే ఉన్నాయి. ఎంత కడిగినా నూనె మరకలు పోలేదు. ఒక చివర గోడకు చెక్క సిలువ, మిగతా అంతా ఖాళీ. వానాకాలంలో అక్కడ రోడ్డు మీది మనుషులు పడుకునేవారు. మార్కెట్లో బస్తాలు మోసే ఉత్తరాది భయ్యాలు, చూపు మందగించి పని పోయిన ముసలి మగ్గంవాళ్లు, ఎవరూ లేని ఒకరిద్దరు ఆడవాళ్లు. వాళ్ల మధ్య మమ్మల్ని ఒక మూల చీర అడ్డం కట్టి ఉంచారు. దానయ్య కూడా మా జిల్లా మనిషే. పాస్టరు కాకముందు ఇదే ఊళ్లో మగ్గం నడిపినవాడే. బాపమ్మ మొదటిరోజే వాళ్ల ఊరేదో, కులమేదో ఆరా తీసింది. తెలుసుకున్నాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. ఏమీ తినలేదు.

సారమ్మ బతిమాలలేదు. వండుకోవడానికి ఒక కొత్త గంజు, ఇంత బియ్యం, మూడు ఇటుకలు తెచ్చి పెట్టి, "నీ వంట నువ్వే చేసుకో అవ్వా, గిది ఎవ్వలు ముట్టలే" అంది. బాపమ్మ లేచి పొయ్యి పెట్టుకుంది. కట్టెలు తడిసి ఉన్నాయి. ఊదింది, దగ్గింది, మళ్లీ ఊదింది. ఎసరు మరగదు, పొగ మాత్రం హాలు నిండింది. సారమ్మ వచ్చి ఎదురుగా కూర్చుని ఆమె కూడా ఊదడం మొదలుపెట్టింది. ఇద్దరు ఆడవాళ్లు చెరో పక్క నుంచి ఊది ఊది, కళ్లల్లోంచి, ముక్కుల్లోంచి నీళ్లు కారుస్తూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలియదు. చివరికి బాపమ్మ ఊదుగొట్టం పక్కన పడేసి, "ఇగ సాలు తియ్యి. నీ గంజులదే ఇంత పెట్టు, సచ్చేటట్టున్న" అంది. సారమ్మ వడ్డించిన తలె అంచు కింద మేకు చుక్కలున్నాయి. తలెలు ఎవరూ ఎత్తుకుపోకుండా అన్నిటికీ అలా గుర్తు కొట్టించారట. బాపమ్మ ఆ సిలువను వేలితో తడిమి చూసుకుని, కళ్లు మూసుకుని శివ శివ అనుకుని తినేసింది.

అన్నం ముందు దానయ్య చిన్న ప్రార్థన చేసేవాడు. చదువుకున్న పాస్టర్ల ప్రార్థన కాదు. "తండ్రీ, ఇయ్యాల గింత దొరికింది. రేపు గూడ సూడు" అన్నట్టు ఉండేది. ఇష్టమున్నవాళ్లు తల వంచేవారు, లేనివాళ్లు పప్పు గంజు వైపు చూస్తూ కూర్చునేవారు. ఎవరినీ ఎవరూ ఏమీ అనలేదు. ఇది నేను నా కళ్లతో చూశాను కాబట్టి రాస్తున్నాను, ఎందుకంటే తరువాత దీని గురించే అబద్ధం పుట్టింది. బాపు మాత్రం అందరూ తిన్నాక, గోడ వైపు తిరిగి, గబగబా తినేవాడు. పనికి పోయేటప్పుడు వెనక సందులోంచి పోయేవాడు. ఎవరైనా అడిగితే టెంఘర్‌లో చుట్టాల ఇంట్లో ఉన్నామని చెప్పమని మాకు నేర్పాడు. టెంఘర్‌లో మాకు చుట్టాలెవరూ లేరు.

ఆ హాల్లో మేము తెలియనివాడిలా చూసినవాడు ఒకడుండేవాడు. గోవిందు తాత. మా కులపోడే. బాపుకు మగ్గం నేర్పినవాడు. చూపు పోయి, చేతులు వణికి, మగ్గాల సేఠ్ పనిలోంచి తీసేశాక ఊరికి పోయాడట. అక్కడ తనవాళ్లెవరూ మిగల్లేదని, పైగా మగ్గం చప్పుడు లేనిదే నిద్ర పట్టడం లేదని మళ్లీ వచ్చేశాడు. ఎండాకాలం ఒక షెడ్డు ముందు తోపుడుబండి మీద పడుకునేవాడు, వానకు చర్చిలోకి వచ్చేవాడు. బాపు గొంతు విని మొదటిరోజే, "ఎవలది, నర్సిగాడా? నువ్వు గీడికెందుకొచ్చినవ్‌రా?" అన్నాడు. బాపు వినపడనట్టు మూటలు సర్దుకున్నాడు. తాతను అన్నేళ్లలో మేము ఒక్కసారి కూడా ఇంటికి పిలిచి అన్నం పెట్టలేదన్న సంగతి నాకు ఆ రోజే తట్టింది. మాలో మరెవరికి తట్టిందో తెలియదు.

నూలు పున్నమి వచ్చింది. మా ఇంట్లో ఆ రోజు పద్ధతి ఏమిటంటే, బాపమ్మ తెల్లనూలు తీసి, పోగులు పేని, పసుపులో ముంచి ఆరబెట్టేది. మొదట కింది షెడ్డుకు పోయి మగ్గానికి కట్టేది, అన్నం పెట్టేది అదే కదా అని. తరువాత మనుషులకు. తెగిన పోగు అతికేటప్పుడు మగ్గంవాళ్లు వేసే చిన్న ముడి వేసేది, అది ఊరికే విప్పుకోదు. ఆ ఏడు మగ్గం ఎక్కడుంది? బాపమ్మ పొద్దున్నే దారం పట్టుకుని హాలంతా తేరిపార చూసింది. గోవిందు తాతకు కట్టింది. తాత ఆ ముడిని తడిమి, "గిదీ ముడంటె" అని మెచ్చుకున్నాడు. బస్తాలు మోసే భయ్యాకు కట్టింది, వాడు ఆమె కాళ్లకు దండం పెట్టాడు. చివరికి వంట పొయ్యి దగ్గరున్న దానయ్య ముందుకు పోయి, "అన్నం వెట్టేది ఇప్పుడు నువ్వే గద. చెయ్యి తే" అంది. ఆయన ఒక్క క్షణం తడబడి భార్య వైపు చూశాడు. సారమ్మ నవ్వి, "పెద్దమనిషి కడ్తున్నది, కట్టించుకో" అంది. ఆయన చెయ్యి చాపాడు.

అంత పద్ధతి తెలిసిన మా బాపమ్మకు ఆ దారం గడప దాటితే ఏమవుతుందో తట్టలేదు. మధ్యాహ్నం దానయ్య ఉల్లిగడ్డలు కొనడానికి పద్మనగర్ బజారుకు పోయాడు. కొట్టు సాహుకారి ఆయన మణికట్టు చూశాడు. పసుపు నూలు, మగ్గం ముడి, అది మా కులపు ఆడమనిషి కట్టిందేనని ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. పాస్టరుకు మన నూలు కట్టిందెవరని మొదలై, సాయంత్రం ఊరేగింపు కోసం గుడి ముందు జనం కూడే వేళకు, నర్సయ్య కుటుంబం మతం పుచ్చుకుందట అనే దాకా వచ్చింది. బాపు తలపాగా చుట్టుకుని, జెండా పట్టుకుని నిలబడి ఉన్నాడు. అమ్మా నేనూ ఆడవాళ్ల వైపు ఉన్నాం. మల్లయ్య అనే కులపెద్ద ముందుకు వచ్చి, జెండా కర్ర మీద చెయ్యి వేసి అడిగాడు. "ఏంది నర్సయ్యా, సిలువల కలిసిన్రట? గట్లయితె జెండా ఎట్ల పడ్తవ్?"

బాపు జెండా కర్రను వదల్లేదు. రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. "కలువలేదు మామా" అన్నాడు. అంతటితో ఆగి ఉంటే నేను ఇదంతా రాసేదాన్ని కాను. అందరూ ఇంకా ఏదో వినడానికి చూస్తున్నారు. "వాళ్లే గుంజుకపోయిన్రు. మొక్కితెనే అన్నం పెడ్తమన్నరు. పోరగాండ్లు ఆకలికి ఏడుస్తుంటె ఏం జెయ్యమంటవ్? మొక్కిపిచ్చిన్రు" అన్నాడు. ఆయనకు మెల్లగా మాట్లాడటం రాదని చెప్పాను కదా. డప్పులవాళ్లు కూడా వాయించడం ఆపేశారు. మల్లయ్య అందరి వైపు తిరిగి, మన పిల్లలు కూటికోసం సిలువ ముందు నిలబడ్డారంటే మన ముఖాన ఉమ్మేసుకోవాలన్నాడు. తరువాత బాపుతో, "గుడెనక ఖోలి ఖాలీగనే ఉన్నది. ఇయ్యాల్నే సామాన్ తెచ్చుకో" అన్నాడు. ఆ ఖోలి వాన మొదలైనప్పటి నుంచీ ఖాళీగానే ఉంది. అడిగినప్పుడు లేని చోటు, అబద్ధం చెప్పగానే వచ్చింది.

ఊరేగింపు ఆగింది. అందులో కొంతమంది నాలా దాటి చర్చి వైపు నడిచారు. జెండాతో బాపును ముందు పెట్టారు. అమ్మా నేనూ వెనకే పోయాం. సారమ్మ అప్పుడే కిచిడీ దించింది, మనుషులు తలెలతో వరసలో ఉన్నారు. అరుపులకు కొందరు తలెలు అక్కడే పడేసి పారిపోయారు. దానయ్య బయటికి వచ్చాడు. మొక్కితేనే అన్నం పెడతావా అని గట్టిగా అడిగారు. ఆయన బాపును చూశాడు. బాపు జెండా గుడ్డను చూస్తున్నాడు. నర్సయ్య అబద్ధమాడుతున్నాడని ఆయన అనొచ్చు. అక్కడున్న వాళ్లందరినీ సాక్ష్యం పిలవొచ్చు. "అన్నం ముంగట ప్రార్థన చేసుడు నిజమే. గా అన్న మనసు నొచ్చిందంటె తప్పు నాదే" అన్నాడు. ఎవరో ఆయన చేతికున్న నూలు తెంపమని అరిచారు. ఆయన దాని మీద రెండో చెయ్యి అడ్డం పెట్టుకుని, అవ్వ కట్టింది, అవ్వ చెప్తే తెంపుతానన్నాడు. బాపమ్మ హాలు గుమ్మంలోనే నిలబడి ఉంది. కొడుకును చూసింది, గుంపును చూసింది. "ఉండనియ్ బిడ్డా" అని మాత్రం అంది. కొడుకు చెప్పింది అబద్ధమని ఆమె కూడా అనలేకపోయింది.

అరుపులు మళ్లీ పెరిగాయి. ఆ మోతలో దానయ్య బాపు వైపు చూసి పెదవులు కదిపాడు. పాత మగ్గం మనిషి కదా, గొంతు ఖర్చు చెయ్యలేదు. గుంపులో సగం మంది మగ్గంవాళ్లే, కానీ వాళ్లంతా అరవడంలో ఉన్నారు. చదివింది బాపు, బాపమ్మ, నేను. ఆయన అడిగింది ఇదీ: "ఖోలి దొరికిందా?"

బాపు తల ఊపాడు, దొరికిందని. దానయ్య కూడా తల ఊపాడు, మంచిదన్నట్టు.

ఆ చీకటి పడే వేళ సామాను మోసుకుని గుడి వెనక ఖోలిలోకి వచ్చాం. బాపమ్మ చేతిలో కిచిడీ ఉన్న తలె ఒకటి ఉంది. గొడవలో పారిపోయిన గోవిందు తాతది, అతనికి ఇద్దామని పట్టుకుని అలాగే వచ్చేసింది. గుమ్మంలో ఆగి, "తిన్నింటి వాసాలు లెక్కవెడ్తివి గద కొడుకా" అంది. అంతే, ఆ విషయం మీద ఆమె బాపుతో మాట్లాడిన మాట ఇంకొకటి లేదు. తరువాత తలె పట్టుకుని తాతను వెతకడానికి పోయింది. నేను ఆ ఖోలిలో, గట్టి కప్పు కింద, పొడి నేల మీద హాయిగా నిద్రపోయాను. అది ఇవాళ తలుచుకుంటే ఒళ్లు కుంచించుకుపోతుంది.

చర్చి ఉన్న షెడ్డు యజమాని, గొడవలు నాకొద్దు, మందిర్లు మసీదులు మీరు చూసుకోండి, నా షెడ్డులో పొయ్యి పెట్టొద్దని దానయ్యకు చెప్పేశాడు. కిచిడీ ఆగిపోయింది. రోడ్డు మీది మనుషులు ఎటు పోయారో మాకు తెలియదు, తెలుసుకోలేదు. గోవిందు తాత తిరిగి తోపుడుబండి మీదికి చేరాడు. బాపమ్మ ప్రతి సాయంత్రం ఆ సిలువ తలెలో అన్నం పెట్టుకుని, కొంగు కప్పి తీసుకుపోయేది. ఆమె ఎంత తీసుకుపోయినా చలిని ఆపలేదు కదా. ఆ చలికాలంలోనే తాత పోయాడు. మా వాళ్లు చందాలు వేసుకుని, కొత్త కోరా బట్ట కప్పి, డప్పులతో గొప్పగా సాగనంపారు. బాపు పాడె ఒక కొమ్ము మోశాడు. బతికున్నప్పుడు ఒక దుప్పటి ఇచ్చినవాళ్లు మాలో ఎవరూ లేరు. ఆ బట్ట నేసింది కూడా మేమే.

తాత పోయాక బాపమ్మ ఆ తలెలోనే తను తినడం మొదలుపెట్టింది. గుడి గోడకు ఆనుకుని ఉన్న ఖోలిలో, బాపుకు ఎదురుగా కూర్చుని, రెండు పూటలా. బాపు ఆమెకు కొత్త తలె కొని తెచ్చాడు. దాన్ని తీసుకుని నీళ్ల కుండ మీద మూతగా పెట్టింది. ఆమె అన్నం కలుపుతుంటే బాపు చూపు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తలుపు వైపు చూసేవాడు. ఏటా జెండా మాత్రం పట్టాడు. నేను మళ్లీ ఎవరినీ మోచేత్తో పొడవలేదు. చివరికి ఆయన రెక్కలు ముక్కలు చేసుకుని సొంతిల్లు కొన్నది, అబద్ధానికి పేరు చెప్పిన టెంఘర్‌లోనే. చుట్టాల ఇల్లు నిజమైందని బాపమ్మ ఎగతాళి చేస్తుందనుకున్నాను. అప్పటికి ఆమె లేదు.

నేనిప్పుడు కళ్యాణ్‌లో ఉంటాను. నా పిల్లల పుట్టినరోజులకు అన్నదానం చేయిస్తాను, మా ఆయన ఫోటోలు తీసి అందరికీ పంపిస్తాడు. ఫోటోలో నేను గరిటె పట్టుకుని నవ్వుతుంటాను, తీసుకునేవాడి ముఖం సగం కోసేసి ఉంటుంది. భివండీలో సగం మగ్గాలు మూతపడ్డాయి, వాటి చోట గోదాములు లేచాయి. రోడ్డు మీద పడుకునేవాళ్లు మాత్రం తగ్గలేదు, భాషలు మారాయి అంతే. గది సర్దిన మర్నాడు తలెను సంచిలో వేసుకుని నాలా దాటాను. రేకుల చోట ఇప్పుడు స్లాబు వేశారు. దానయ్య పోయి చాలా కాలమైందట. సారమ్మ ఉంది. బాగా ముసలిదైంది, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తోంది. కొన్నేళ్లకు ఆ షెడ్డు సేఠ్ చనిపోయాక, వాళ్ల పిల్లల దగ్గర స్థలం తీసుకుని మళ్లీ పొయ్యి పెట్టారట.

నేనెవరో చెప్పాను. బాపు పోయాడని చెప్పాను. తలె తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె తిప్పి, చుక్కలు తడిమింది. చివరికి, "మా బాపు ఆనాడు అన్నది అబద్ధం అమ్మా" అన్నాను. అది ఆమెకు నేను చెప్పాలా? ఆమె ఉల్లిగడ్డ కోస్తూనే, "ఎర్కే బిడ్డా. పిల్లలు తడుస్తుంటె మనిషి ఏదన్న అంటడు" అంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

చీకటి పడకముందే వరస మొదలైంది. సారమ్మ నన్ను పోనియ్యలేదు, అదే తలె కడిగి నా చేతికిచ్చి, తిని పొమ్మంది. బాపమ్మ కూర్చున్న గోడ పక్కనే కూర్చున్నాను. వడ్డించడం అయింది. ప్రార్థన కోసం చూశాను. ఎవరూ గొంతు ఎత్తలేదు. హాలంతా ఒక్క నిమిషం ఊరికే ఆగింది, తరువాత తినడం మొదలుపెట్టారు. ప్రార్థన చెయ్యరా అని పక్కన వడ్డిస్తున్న అమ్మాయిని అడిగాను. "పైకి చెయ్యరక్కా. ఎప్పుడో ఏదో లొల్లి అయిందంట. అప్పట్నుంచి దానయ్య పాస్టరయ్య వద్దన్నడంట. తినేటోళ్లకు బరువు గావద్దు అని. అమ్మ ఒక్కతే మనసుల చేసుకుంటది" అంది.

బాపు అన్న ఒక్కమాటకు వీళ్లు ఇన్నేళ్లుగా తమ దేవుణ్ణి తమ ఇంట్లోనే గట్టిగా పిలుచుకోవడం లేదు. నేను తల ఎత్తి చూశాను. సారమ్మ కుర్చీలో కళ్లు మూసుకుని ఉంది. పెదవులు కదులుతున్నాయి. నేను మగ్గాల పిల్లనని ఆమెకు గుర్తులేదేమో. చూడకూడదనుకుంటూనే చదివాను. దానయ్య పేరు. గోవిందు పేరు. నాకు తెలియని పేర్లు ఎన్నో. తరువాత, తడబడకుండా, ఏళ్ల తరబడి అలవాటైన పేరు పలికినట్టు, నర్సయ్య.

ఆ పేరు ఇవాళే చేర్చావా, ఆనాటి నుంచీ ఉందా అని నేను అడగలేదు. తలెలో అన్నం చల్లారిపోయింది. సిలువ ఉన్న వైపు అరచేతిలో దాచుకుని, గోడ వైపు తిరిగి, బాపు తిన్నట్టే గబగబా తిన్నాను.